థాయ్ దప్పళం

ఆగస్టు 5, 2007, ఆదివారం

ఈ పుస్తకం మనవరాలు ధనశ్రీ ఇచ్చింది. తిన్నవన్నీ ఇందులో రాసి తనకి చూపించమంది. దానికి కావలసిన రుచులు విడి కాగితం మీద రాసి ఇచ్చేస్తాను. పుస్తకం నాకే ఉంచుకుంటాను. రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు. ఒత్తులు తప్పినా చూసి నవ్వేవాళ్లు ఉండరు. బియ్యం డబ్బా అడుగున పెడదామనుకున్నాను. కోడలు బియ్యం తీసేటప్పుడు చేతికి తగులుతుందేమో. బట్టల పెట్టెలో పెడితే పెట్టెకు తాళం లేదు. ఎక్కడో ఒకచోట పెట్టాలి.

నా మనవరాలు వంట చదువు చదివి మూడు నెలలైంది. మా పేట వెనక రోడ్డులో కొత్తగా తెరిచిన రెస్టారెంటులో పనికి చేరింది. హోటలు అంటే దానికి కోపం. దాని యజమాని వంటకాలు మార్చాలనుకుంటున్నాడట. చుట్టూ కొత్తగా పెట్టిన చోట్లకి వెళ్లి ఎవరేం పెడుతున్నారో, అందులో ఏం వేస్తున్నారో తెలుసుకుని రమ్మన్నాడట. తోడుకి నన్ను రమ్మంది.

"నా ఫ్రెండ్స్ వస్తే బావుంది, బావోలేదు అంటారంతే. నువ్వైతే వేసింది వేసినట్టు సెప్పేస్తావ్ నానమ్మా."

ఎక్కడికి తీసుకెళ్లిందో తెలుసా, డాక్టరు గారి మేడకి. ఇరవై ఏళ్లు ఆ మేడ పెరటి గుమ్మంలో గంప దించాను. డాక్టరమ్మ వంజరం చేప మొప్పలెత్తి చూసి గానీ తీసుకునేది కాదు. ఇప్పుడు పిల్లలు మేడను అద్దెకిచ్చేశారు. గోడలకి నీలం రంగు, చెట్లకి దీపాలు. వీధి గుమ్మంలోంచి వెళ్లడం నాకిదే మొదటిసారి. చెప్పులు విప్పబోతే ధనశ్రీ చెయ్యి పట్టుకుని ఆపింది. నేల నున్నగా ఉంది, జారి తుంటి విరిగితే ఎవరు చూస్తారు అని గోడ పట్టుకుని నడిచాను.

థాయ్ దప్పళం అని తెచ్చారు. గుమ్మడికాయ, వంకాయ, మునక్కాడ, అంతా మన దప్పళమే, కానీ పచ్చగా, కొబ్బరిపాలతో, ఏదో నిమ్మగడ్డి వాసనతో. మొదటి ముద్దకి వింతగా ఉంది. తర్వాత చెయ్యి ఆగలేదు. నాలుక వెనకాల ఏదో పాత రుచి, పేరు అందలేదు. రెండోసారి వడ్డించుకున్నాను. వేళ్లు నాకాను కూడాను, సిగ్గులేకుండా.

గిన్నెలు తీసుకెళ్లాక గుర్తొచ్చి ధనశ్రీ చెయ్యి పట్టుకున్నాను.

"ధనా, అందులో సేప గానీ ఏటీ నేదు కదే?"

"లేదు నానమ్మా. కూరగాయలే."

అమ్మయ్య.

మా అత్తవారింట ఒక ఆనవాయితీ. సముద్రం మీదికి వెళ్లిన మనిషి తిరిగి రాక, శవం కూడా ఒడ్డుకు రాకపోతే, తల్లీ పెళ్లామూ సముద్రం చేప ముట్టరు. ఇక రాడని తల్లికి నమ్మకం కుదిరిన రోజున పెద్దల ముందు కూర్చుని మొదటి ముద్ద చేపతో తింటుంది. ఆ తర్వాతే కర్మ చేస్తారు. మా అత్త నాలుగేళ్లు తినలేదు. ఐదో ఏట మా పెద్దమరిది అండమాన్ల నుంచి నడిచి వచ్చినట్టు ఇంటికొచ్చాడు. నా కొడుకు తాతబాబు దీపావళి ముందరి తుఫానులో పోయి, పోయి అని రాయకూడదు, వెళ్లి ఈ ఏటికి పదకొండేళ్లు. నేను ముట్టలేదు. కోడలు గౌరీశ్వరి రొయ్యల కంపెనీలో పొద్దస్తమానం రొయ్యల తలలు ఒలుస్తుంది, ఇంటికొచ్చి పప్పుతో తింటుంది. మేం ముట్టనంత కాలం వాడు ఉన్నట్టే.

ఆగస్టు 6

రాత్రి బాగా నిద్ర పట్టింది. ఎందుకో అని భయమేసింది.

ఆగస్టు 19, ఆదివారం

ఇవాళ రెండో అంతస్తు. లిఫ్టు ఎక్కమంది. కరెంటు పోతే అందులో ఊపిరాడదు కదా అని మెట్లెక్కాను. మోకాళ్లు పట్టేశాయి. అక్కడ కింద కిష్టప్ప కట్టెల అడితి ఉండేది, ఇప్పుడు అద్దాల భవంతి.

పెసరట్టు మీద పిజ్జాలాగా ఏదో సాగే జున్ను వేసి ఇచ్చారు. పళ్లకి అంటుకుంది. నేను పెట్టుడు పళ్లదాన్ని. నోట్లోంచి జారితే అందరూ చూస్తారని మింగేశాను. ఎక్కడ అడ్డం పడిందో అని ఇప్పటికీ గొంతు తడుముకుంటున్నాను. రుచి? ఏమీ లేదు. కాగితం మీద "ఉప్పు తక్కువ, ప్రాణం తక్కువ" అని రాశాను. ధనశ్రీ నవ్వింది.

"ప్రాణం అంటే ఏటి నానమ్మా, మా చెఫ్ అడుగుతాడు."

"ఆ దప్పళంలో ఉన్నాది సూడు, అది."

అది నవ్వడం మానేసి ఫోను చూసుకుంది.

ఆగస్టు 27

గౌరీశ్వరి ఇవాళ ఆలస్యంగా వచ్చింది. ఏడున్నర. కంపెనీ ఐదింటికి వదిలేస్తారు. బస్సు దొరకలేదంది. దొరకలేదేమో.

సెప్టెంబరు 2, ఆదివారం

కొత్త చోటుకి వెళ్దామంటే నేనే డాక్టరు గారి మేడకి అన్నాను. అక్కడ నేల అలవాటైంది కనుక.

దప్పళమే తిన్నాను. వేరేవి ధనశ్రీ తింది. అది నా వంకే చూస్తూ కూర్చుంది. ఈ పిల్ల చిక్కిపోయింది. వంటగదిలో పొయ్యిల దగ్గర నిలబడి నిలబడి కాళ్లు వాచాయేమో. గ్యాసు లీకైతే? ఆ సంగతి అడిగితే విసుక్కుంటుంది.

చెయ్యి కడుక్కున్నాక అడిగాను, చేపది ఏదీ లేదు కదా అని.

"లేదు నానమ్మా."

సెప్టెంబరు 9

పక్కింటి చిట్టమ్మ వచ్చింది. ఊరికే రాదు.

"గంగాలప్పా, నానేదో సెప్పాలని కాదు. మీ కోడలు నిన్న త్రినాథరావు బండి మీంచి దిగింది. సందు మొదట్లో."

"ఏ త్రినాథరావు?"

"పోర్టులో క్రేను నడుపుతాడు కాదేటి, పెళ్లాం పోయిందీ, ఆడు. సబ్బవరంలో ఇల్లు కట్టాడు."

"బస్సు దొరకలేదేమో."

"అవునవును. రోజూ దొరకడం నేదు బస్సు."

దాని నోరు పడిపోను.

సెప్టెంబరు 16, ఆదివారం

చాలా దూరం వెళ్లాం, ఆటోలో. ఆటోవాడు ఒంటి చేత్తో నడిపాడు. కళ్లు మూసుకున్నాను.

జపాన్ చారు. చిన్న నల్ల గిన్నెలో తెచ్చారు. మిరియాలు, చింతపండు, మన చారులాగే ఉంటుంది కానీ అడుగున ఇంకేదో. ఆవిరి మొహానికి తగిలితే కళ్లు చెమ్మగిల్లాయి. నా చిన్నప్పుడు మా అమ్మ ఇసకలో సూర చేపలు ఎండబెట్టేది. పొద్దు వాలాక ఇసక వేడి మీద ఒక వాసన వచ్చేది. ఎందుకు గుర్తొచ్చిందో. వయసు. ఈ మధ్య అన్నీ గుర్తొస్తున్నాయి.

మూడు గిన్నెలు తాగాను. ఆ గిన్నెలు తీసేసే పిల్లవాడు అటు వెళ్లాక ధనశ్రీని అడిగాను. లేదంది.

సెప్టెంబరు 17

కోడలి మెడలో నల్లపూసలు ఉన్నాయి. చూశాను. బొట్టు కూడా ఉంది.

సెప్టెంబరు 30, ఆదివారం

డాక్టరు గారి మేడ. దప్పళం.

అక్టోబరు 14, ఆదివారం

డాక్టరు గారి మేడ. ఈసారి ధనశ్రీకి సెలవు లేకపోయినా అడిగి తీసుకుని వచ్చింది. నేనే పోరాను. ఇన్ని ఊళ్ల వంటలు తిన్నాను, ఆ దప్పళం ముందు ఒక్కటీ నిలవదు అన్నాను. మా చెఫ్‌కి చెబుతానంది. దాని మొహం బావులేదు.

అక్టోబరు 28

గౌరీశ్వరి నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

"అత్తా, గవర్రాజు పెద్దని వచ్చే ఆదివారం ఇంటికి రమ్మన్నాను."

"ఎందుకు?"

"నీకు తెలీదేటి?"

తెలుసు. త్రినాథరావుతో మారుమనువు. మాలో తప్పు కాదు. మా చెల్లెలు చేసుకుంది, చిట్టమ్మ కూతురు చేసుకుంది. కానీ మొగుడు లేడని తేలాలి. తేలాలంటే నేను ముద్ద తినాలి.

"నా కొడుకు ఉన్నాడు."

"నలభై ఏళ్లు వస్తన్నాయి అత్తా నాకు. నువ్వు తినకపోతే నాను ఎటూ కాకండా అయిపోతన్నాను."

"తినను."

"సరే," అని లేచింది. అలా తేలిగ్గా లేచిందేమిటా అని రాత్రంతా ఆలోచించాను.

నవంబరు 4, ఆదివారం

ఇవాళే రాయాలి. రాయకపోతే పొద్దుటికి వేరేగా గుర్తుంటుంది.

కులపెద్ద గవర్రాజు, అతనితో ఇద్దరు, త్రినాథరావు, అతని అక్క వచ్చారు. చాపలు వేశాం. ధనశ్రీ గుమ్మంలో నిలబడింది. గవర్రాజు మంచి మాటగానే మొదలుపెట్టాడు.

"గంగాలప్పా, పదకొండేళ్లయినాది. ఆ పిల్ల వయసు సూడు. ఇంకా ఒప్పుకోవేటి?"

"నాను సేప ముట్టనంతకాలం నా కొడుకు ఉన్నట్టే పెద్దా. నాను ముట్టనేదు, ముట్టను."

"ముట్టావు అత్తా," అంది గౌరీశ్వరి.

"ఏటే?"

"తిన్నావు. ఒక్కసారి కాదు. ధనా, సెప్పే."

ధనశ్రీ నేల చూస్తూ చెప్పింది. ఆ థాయ్ దప్పళంలో చేపల రసం పోస్తారట. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. నూరిన ఎండురొయ్యలు కూడా వేస్తారట. జపాన్ చారు ఎండిన సూర చేప పొట్టుతోనే కాస్తారట.

"అయిదుసార్లు తిన్నావు నానమ్మా."

ఇది పుట్టినప్పుడు బొడ్డుతాడు నేను కోశాను. వాళ్లమ్మ కంపెనీకి పోతే చంకనేసుకుని తిప్పాను. ప్రతిసారీ అడిగాను. ప్రతిసారీ నా కళ్లలోకి చూసి లేదంది.

త్రినాథరావు అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గంప మోసిన మనిసికి ఉప్పుసేప వాసన తెలీదేటమ్మా!"

"నువ్వు నోరుముయ్," అన్నాడు త్రినాథరావు. ఆ మాట మాత్రం వాడన్నాడు.

గవర్రాజు తనతో వచ్చిన ఇద్దరితో మాట్లాడి నా వైపు తిరిగాడు. "తెలీక తిన్నది తిన్నట్టు కాదు. తెలిసి తింటే తిన్నట్టే. అప్పా, అది మేం సెప్పలేం, నువ్వే సెప్పాల. నీకు తెలుసా, తెలీదా?"

అందరూ నా వంక చూశారు.

"తెలీదు," అన్నాను.

"అయితే తిననట్టే. ఏయ్ గుంటా, ముసల్దాన్ని మోసం సేత్తావా? నానమ్మ కాళ్లు పట్టుకో."

ధనశ్రీ పట్టుకుంది. నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

నవంబరు 5

తిననంటే తినను ఆ ఇంట్లో. చిట్టమ్మ ఇంటికి వచ్చేశాను. చిట్టమ్మ గంజి ఇచ్చింది. ఇందులో ఏం కలిపావే అని అడిగాను. అది నొచ్చుకుంది.

నవంబరు 6

మోసం చేశారు. అందరూ కలిసి. అయిదుసార్లు.

నవంబరు 7

పెట్టుడు పళ్లు తీసి బొగ్గుతో తోమాను, రెండుసార్లు. ఆ రుచి పోలేదు. కొడుకా, నాకు తెలీదురా.

నవంబరు 9

దీపావళి. చిట్టమ్మ మనవలు టపాకాయలు కాలుస్తున్నారు. పాక అంటుకుంటుందని బిందె నిండా నీళ్లు పట్టి గుమ్మంలో కూర్చున్నాను. మా ఇంట్లో దీపం పెట్టారో లేదో ఇక్కణ్ణించి కనపడదు.

నవంబరు 11, ఆదివారం

ధనశ్రీ వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది. నేను తలుపు వెనక.

"ఇంటికి రా నానమ్మా."

"నీలాంటి దాన్ని సాకినందుకు నన్ను సెప్పుతో కొట్టాల."

"కొట్టు. మొదటిసారి నాకూ తెలీదు. నువ్వు తినీసిన తర్వాత అక్కడి కుక్‌ని అడిగితే సెప్పాడు. నీకు సెప్దామనే అనుకున్నాను."

"ఎందుకు సెప్పలేదు?"

"పదకొండేళ్లలో నువ్వు రెండోసారి వడ్డించుకోవడం నాను సూడనేదు. ఎప్పుడూ మజ్జిగన్నం, పప్పన్నం, సగం తిని లెగిసిపోతావు. ఆ రోజు వేళ్లు నాకేవు. ఎలా సెప్పమంతావు?"

"తర్వాత?"

"తర్వాత నువ్వే కదా అక్కడికే ఎల్దామన్నావు."

"మీ అమ్మకి సెప్పావు."

"సెప్పాను. తప్పే. పెద్దల ముందు పెడుతుందనుకోనేదు." ఏడ్చింది. ఏడుస్తూనే అడిగింది. "నానమ్మా, ఒక్కటి సెప్పు. ప్రతిసారీ సేప ఉందా అని అడిగేవు. ఎప్పుడైనా తినకముందు అడిగేవా?"

తలుపు వేసేశాను.

నవంబరు 12

వెనక్కి తిప్పి చదివాను ఈ పుస్తకం మొత్తం. గిన్నెలు తీసుకెళ్లాక. చెయ్యి కడుక్కున్నాక. పిల్లవాడు అటు వెళ్లాక. నా చేతి రాతే.

చీకట్లో గంప మీద మూత తీయకుండా ఏ చేపో చెప్పేదాన్ని. నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేదాన్ని. డాక్టరమ్మ మొప్పలు చూసేది, నేను చూసేదాన్ని కాదు.

నవంబరు 13

తెలుసు.

మొదటి ముద్దకే తెలుసు. ఇది ఇక్కడే రాస్తున్నాను, ఇంకెక్కడా చెప్పను. గవర్రాజు ముందు తెలుసు అని ఉంటే ఆ క్షణాన తాతబాబు పోయినట్టే. చేప నోట్లో పెట్టుకుని వాణ్ణి నేనే ముంచినట్టు. మరి ఎందుకు తిన్నాను? ఆకలేసింది. అంతే. పదకొండేళ్ల ఆకలి. దానికి ఇంకో పేరు దొరకలేదు.

వాళ్లు నన్ను మోసం చేశారనే అంటాను. అదీ నిజమే.

నవంబరు 18, ఆదివారం

గౌరీశ్వరి వచ్చింది. చిట్టమ్మ పని ఉన్నట్టు బయటికి వెళ్లి కిటికీ కింద కూర్చుంది. దాని గాజుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గౌరీశ్వరి తిట్టలేదు, ఏడవలేదు. రొయ్యల నీళ్లకి పాచిపోయిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నీ పరువు తీసేను అత్తా. తప్పయిపోనాది. త్రినాథరావుకి వద్దని సెప్పేసేను. ఇంటికి రా."

"వద్దని సెప్పేవా?"

"మరేటి సెయ్యను? నువ్వు తెలీదన్నావు. పెద్దలు తిననట్టే అన్నారు. ఆడు ఉన్నట్టే. ఉన్నోడి పెళ్లాన్ని నాను."

దాని పాపిట్లో తెల్లవెంట్రుకలు. ఎప్పుడొచ్చాయో. ఈ పిల్ల ఇంట్లోకి వచ్చినప్పుడు పంతొమ్మిదేళ్లు. వాడు ఉన్నది తొమ్మిదేళ్లు. నాతో ఉన్నది పదకొండు. వాడి కంటే నాతోనే ఎక్కువ కాపురం చేసింది. నా అబద్ధం మీద ఇది ముసల్ది అయిపోతుంది. నిజం చెబితే వాడు పోతాడు. పొద్దుట్నుంచి ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తున్నాను.

నవంబరు 21

ఒక దారి ఉంది. ఎవరికీ తట్టలేదు, అందరూ వాడు పోయాడనే అనుకుంటున్నారు కాబట్టి. ఉన్నవాడి పెళ్లానికీ మాలో విడుపు ఉంది. పెద్దల ముందు పుల్ల విరుస్తారు, దాంతో పెళ్లి తెగినట్టు. మొగుడు రాకపోతే వాడి తల్లి విరవొచ్చు. మా పినమామ కొడుకు కలకత్తాలో ఉండిపోతే వాళ్లమ్మే విరిచింది.

కానీ తప్పు మగవాడిదని చెప్పాలి.

నవంబరు 25, ఆదివారం

మళ్లీ చాపలు వేశాం. నేనే పిలిపించాను, త్రినాథరావుని కూడా. ధనశ్రీ పనికి సెలవు పెట్టి అందరికీ టీ ఇచ్చింది, నేను ఇంటికి తిరిగొచ్చానని సంబరంగా ఉంది. నేను దాని వంక చూడలేదు.

"పెద్దా, నా కోడలికి విడుపు ఇస్తాను. పుల్ల తెప్పించు."

గవర్రాజు తెల్లబోయాడు. "విడుపేటప్పా? విడుపంటే ఉన్నోడి పెళ్లానికి కదా."

"ఉన్నోడి పెళ్లానికే."

"అయితే తప్పు సెప్పాల. ఏటి ఆడి తప్పు?"

నిన్నంతా ఈ మాట పలికి చూసుకున్నాను, గోడ వైపు తిరిగి.

"పెళ్లాన్నీ బిడ్డనీ ఒగ్గీసి ఎల్లిపోనాడు. తుఫాను అడ్డం పెట్టుకుని పోనాడు. పదకొండేళ్లు కబురు నేదు, ఉత్తరం నేదు. ఆ పిల్లకి అన్నేయం సేసేడు నా కొడుకు."

"తల్లివి. ఈ మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

చీపురుపుల్ల రెండు ముక్కలు చేసి ఒకటి గౌరీశ్వరి చేతిలో పెట్టాను. అది నా చెయ్యి వదల్లేదు. "అత్తా, అలగ అనకు అత్తా, ఆడు అలాటోడు కాదు," అని చిన్నగా అంటూనే ఉంది. త్రినాథరావు లేచి బయటికి వెళ్లిపోయాడు, మర్యాద తెలిసినవాడు.

ధనశ్రీ టీ గ్లాసుల పళ్లెం కింద పెట్టేసింది.

"నాన్న నన్ను ఒగ్గీసి పోనేదు. ఆ రోజు నాకు జొరం. నాన్న ఎల్లనని పడుకుంటే నువ్వే లేపి పంపేవు, వేట బావుంటాదని. మర్సిపోయేవా?"

మరిచిపోలేదు.

"సెప్పు నానమ్మా పెద్దలకి. నాన్న అలాటోడు కాదని సెప్పు."

"అలాటోడే," అన్నాను.

డిసెంబరు 2, ఆదివారం

గౌరీశ్వరి సబ్బవరం, త్రినాథరావు ఇంటికి వెళ్లింది. బొట్టు తీయకుండా, గాజులు పగలగొట్టకుండా వెళ్లింది. ఆటో ఎక్కే ముందు కాళ్లకు దండం పెట్టింది. బస్సు ఏ నంబరో రాసి ఇవ్వు, ఎప్పుడైనా వస్తాను అన్నాను. దారిలో క్వారీ లారీలు ఉంటాయి, జాగ్రత్తగా కూర్చోమన్నాను.

ధనశ్రీ వెళ్లలేదు. పనికి దూరమవుతుందని ఇక్కడే ఉంది. నాతో మాట్లాడదు.

డిసెంబరు 5

ధనశ్రీ వాళ్ల రెస్టారెంటులో కొత్త వంటకాల జాబితా అచ్చేశారట. చిట్టమ్మ మనవడు చెప్పాడు. దప్పళం పెట్టారో లేదో నేను అడగలేదు.

డిసెంబరు 9

చిట్టమ్మ వచ్చింది.

"అప్పా, నిజమేటి? ఆడికి అక్కడెక్కడో ఇంకో పెళ్లాం ఉందంట కాదేటి? పేటంతా అంటన్నారు."

నేను అనలేదు ఆ మాట. పేట తయారుచేసుకుంది.

"ఉండొచ్చు," అన్నాను.

"ఏ ఊరో?"

"పరాదీప్ వైపు అనుకుంటాను. అక్కడ మనోళ్లు ఉన్నారు కదా."

"పిల్లలున్నారా?"

"ఇద్దరంట."

చిట్టమ్మ బుగ్గ నొక్కుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగితే ధనశ్రీ నిలబడి ఉంది. అంతా విన్నది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. దాని తండ్రిని దాని దగ్గర్నుంచి లాక్కున్నాను, నాకు తెలుసు. తలుపు దగ్గర కాసేపు కూర్చున్నాను. లోపల ఏడుపు వినిపించలేదు. అదింకా భయంగా ఉంది.

డిసెంబరు 16, ఆదివారం

ఇద్దరూ మగపిల్లలే అయి ఉంటారు. పెద్దవాడికి పదేళ్లు ఉండొచ్చు. ఆమె ఒరియా మనిషో, మన మనిషో. వాడికి చేపల పులుసులో మామిడికాయ లేకపోతే దిగేది కాదు. ఆమెకి తెలుసో తెలీదో. నేర్చుకుని ఉంటుంది.

రాస్తుంటే కోపం వస్తోంది. పదకొండేళ్లలో మొదటిసారి. ఉత్తరం ముక్క రాయడానికి ఏం రోగం? తల్లి ఉందో పోయిందో అక్కర్లేదా? నా కోడలి జుట్టు నెరిసిపోయింది, నీ కూతురు నా మొహం చూడ్డం లేదు, నేను ఊళ్లో పెద్దల ముందు అబద్ధాలకోరునైపోయాను, నీ కోసం తిండి మానుకున్నాను, మానుకోలేక తిన్నాను. నువ్వు మాత్రం అక్కడ హాయిగా పెళ్లాం పిల్లల్తో కూర్చుని తింటున్నావా?

రానీ. ఎప్పుడొచ్చినా సరే. గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతాను.